శూన్యమును సాధించిన సన్న్యాసి: స్వామి జ్ఞానానంద

పశ్చిమ గోదావరి మండలమున భీమవరమునకు సమీపమున గొరగనమూడి యను గ్రామము కలదు. కాలువల నీటితో ఏటేట పచ్చబడు ఆ సీమలో 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన భూపతిరాజు వారి యింట ఒక బాలుడు జన్మించెను. పెద్దలు పెట్టిన పేరు లక్ష్మీనరసింహరాజు. లోకము వారిని స్వామి జ్ఞానానంద యని యెఱుగును. ఈ ఆంధ్ర సన్న్యాసి ప్రేగు నగరమున ఎక్స్-కిరణములను కొలిచి, లివర్‌పూలున బీటా కిరణములను శోధించి, అమెరికాలో మాస్ స్పెక్ట్రోమీటరు పనిలో పాల్గొని, తుదకు వాల్తేరులో కేంద్రక భౌతిక శాస్త్రమునకు ఒక నిలయమును నెలకొల్పిరి.

తెలుగువారి ఉత్సవ సంచికలలో కవుల చరితములు, రాజుల చరితములు, దేశభక్తుల చరితములు విరివిగా కానవచ్చును. శాస్త్రజ్ఞుని చరితము అరుదు. శాస్త్రజ్ఞుని జీవితము చెప్పవలెనన్న ఆయన చేసిన పనిని గూడ చెప్పవలెను. ఆ పని చెప్పుట కష్టమని రచయితలు తప్పించుకొందురు. ఉక్కు కర్మాగారపు నీడలో కాపురము చేయు మనకు యంత్రములన్న భయము లేదు. కావున స్వామివారి కథతోపాటు, వారు జీవితమంతయు చేపట్టిన విద్యుత్కణ పుంజముల కథయు, ఆ పుంజములకు పుట్టుకతోనే వచ్చిన ఒక వ్యాధి కథయు ఇచట చెప్పబూనితిమి.

తండ్రిగారి యింట వేదశాస్త్ర గ్రంథముల పెద్ద భాండారము ఉండెను. బాలుని తొలి చదువు ఆ గ్రంథముల నడుమనే సాగెను. ఉన్నత పాఠశాల చదువు నరసాపురమునందలి టేలరు హైస్కూలులో. ఇంతవరకు డెల్టా ప్రాంతపు భాగ్యవంతుల పిల్లలందఱి కథ వంటిదే. కాని ఇరువదేండ్ల ప్రాయమున ఆ యువకుడు గౌతమబుద్ధుని మార్గము తలచి, ఇల్లు విడిచి, బుద్ధుడు పుట్టిన లుంబినీ వనము దిక్కుగా బయలుదేరెను. ఆ తరువాత సుమారు పదియేండ్లు హిమాలయ ప్రాంతములందును ఉత్తర దేశమునందును యోగసాధనలో గడచినవి. ఆ కాలమును గూర్చి వ్రాయువారు అద్భుతములను జోడించుట పరిపాటి. వాటి జోలికి మనము పోము. ఆ సాధనకు ఫలముగా సంస్కృతమున పూర్ణసూత్రములను గ్రంథము వెలసినదని చెప్పిన చాలును.

ఆ పూర్ణసూత్రముల ముద్రణము కొఱకే స్వామివారు 1927వ సంవత్సరమున జర్మనీ దేశమునకు వెళ్ళిరి. అక్కడ యోగమును గూర్చియు వేదాంతమును గూర్చియు ఉపన్యాసములిచ్చిరి. అట్టి ఉపన్యాసములతోనే గౌరవముగా జీవితము గడుపుకొని తిరిగి వచ్చిన స్వాములు పలువురు కలరు. ఈ స్వామి అట్లు చేయలేదు. ఆ సంవత్సరములు ఎట్టివో మనము జ్ఞాపకము చేసికొనవలెను. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము 1905లోను 1915లోను రెండు విడతలుగా వెలువడి పండితలోకమును కుదిపివేసి యుండెను. హైసెన్‌బర్గు, ష్రోడింగరు అను వారు 1925, 1926 సంవత్సరములలో పరమాణు ప్రపంచమునకు క్రొత్త గణితమును కల్పించి యుండిరి. ముప్పది యేండ్ల వయసున, గురుస్థానమున కూర్చుండి ఉపన్యసించుచున్న వ్యక్తి, డ్రెస్డెన్ నగరమున గణితమును, భౌతిక శాస్త్రమును నేర్చుకొనుటకు బల్లమీద విద్యార్థియై కూర్చుండెను. ఇల్లు విడుచుట కన్న ఇది గొప్ప త్యాగమని మా యభిప్రాయము. ఇల్లు విడిచిన వానికి లోకము నమస్కరించును. పీఠము దిగి పలక పట్టిన వానిని చూచి నవ్వును.

డ్రెస్డెన్ నుండి స్వామివారు ప్రేగునకు పోయి చార్లెస్ విశ్వవిద్యాలయమున వాక్లావ్ డోలెయ్‌షెక్ అను ఆచార్యుని చెంత చేరిరి. డోలెయ్‌షెక్ ఎక్స్-కిరణముల వర్ణపటములను శోధించుటలో పేరుగన్నవాడు. స్వీడను దేశమున సీగ్బాన్ ప్రయోగశాలలో పనిచేసి, భారమైన మూలకముల ఎక్స్-కిరణములలో ఎన్-శ్రేణి యను క్రొత్త శ్రేణిని 1922లో కనుగొన్నవాడు. (ఈయన గతి తలచిన మనసు కలుక్కుమనును. జర్మనులు ఆయన దేశమును ఆక్రమించిన తరువాత గెస్టపోవారు నిర్బంధింపగా, 1945 జనవరిలో తెరెజీన్ కారాగారమున ప్రాణములు విడిచెను.) ఆ గురువు చెంత స్వామివారు ఎక్స్-కిరణముల సూక్ష్మ పరిమాణములపై పనిచేసి, 1936వ సంవత్సరమున డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టమును పొందిరి. అప్పటికి వయసు నలువదికి చేరువ.

ఎక్స్-కిరణములను పుట్టించు గొట్టములోనే మన రెండవ కథ మొదలగుచున్నది. గాజు గొట్టము నుండి గాలిని తోడివేసి, లోపల ఒక తంతువును వేడిచేసినచో దాని నుండి ఎలక్ట్రానులు వెలువడును. ఎదుట ధనావేశము గల పలక నుంచినచో అవి దాని వైపు పరుగెత్తి తాకును. ఆ తాకుడుకు ఎక్స్-కిరణములు పుట్టును. తంతువును మఱింత వేడిచేసిన మఱిన్ని ఎలక్ట్రానులు రావలెను గదా? కొంతవరకు వచ్చును. ఆ పైన ఎంత వేడిచేసినను ప్రవాహము పెరుగదు. వెలువడిన ఎలక్ట్రానులే తంతువు ముందు మేఘమువలె క్రమ్ముకొని, వెనుక నుండి వచ్చు తమ సోదరులను వెనుకకు నెట్టుచున్నవి. ఋణావేశమును ఋణావేశము వికర్షించును. ఖాళీ ప్రదేశమునందే నిలిచియున్న ఈ ఆవేశమునకు అంతరాళావేశమని పేరు.

జాతరనాడు గుడి వాకిట జరుగునదియు ఇదియే. ద్వారము తెరిచియే యుండును. దేవుడు ఎదుటనే యుండును. అయినను లోపలికి పోవువారి సంఖ్య ద్వారముచేత గాక ద్వారము ముందరి గుంపుచేతనే నిర్ణయమగుచుండును.

ఈ సంగతికి గణితసూత్రమును మొదట కనుగొన్నవాడు చైల్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు; సంవత్సరము 1911. ఆయన ధనావేశము గల అయానులను దృష్టిలో నుంచుకొనియే దానిని వ్రాసెను. తరువాత 1913లో లాంగ్‌మ్యూర్ ఎలక్ట్రానుల విషయమున దానిని స్వతంత్రముగా స్థాపించెను. ఆ సూత్రము ప్రకారము ప్రవాహము వోల్టేజీ యొక్క ఒకటిన్నర ఘాతమును అనుసరించి పెరుగును. అనగా వోల్టేజీని 4 రెట్లు చేసిన ప్రవాహము 8 రెట్లగును. రెండు పలకల నడుమ దూరమును రెట్టింపు చేసినచో ప్రవాహము నాలుగవ వంతునకు తగ్గును. ఇంతకు మించి ప్రవాహము కావలెనన్న వోల్టేజీ పెంచవలెను, లేదా పలకలను దగ్గర చేర్చవలెను. వేఱు దారి లేదు. దగ్గర చేర్చినచో మెఱుపు కొట్టి యంత్రము చెడును. నేటికిని అయాను యంత్రములను నిర్మించువారు ఈ రెండింటి నడుమనే తమ దారిని వెదకికొనుచున్నారు.

ప్రేగు నుండి స్వామివారు ఇంగ్లండునకు వెళ్ళి, లివర్‌పూలున జేమ్స్ చాడ్విక్ ప్రయోగశాలలో చేరిరి. చాడ్విక్ 1932లో న్యూట్రానును కనుగొని 1935లో నోబెల్ బహుమానము పొందినవాడు. అంతకు చాల ముందే, 1914లో బెర్లినులో యువకుడుగా నున్నపుడు, బీటా కిరణములు ఒకే వేగముతో గాక అన్ని వేగములతోను అవిచ్ఛిన్నముగా వెలువడునని చూపినవాడును ఆయనయే. ఆ వింతకు సమాధానముగానే 1930లో పౌలి అను శాస్త్రజ్ఞుడు న్యూట్రినో వంటి కణమును ఊహించెను. 1934లో ఫెర్మీ సిద్ధాంతమును నిర్మించెను. అట్టి గురువు చెంత స్వామివారు చేపట్టినది బీటా కిరణముల వర్ణపట శోధనమే.

రేడియోధార్మిక పదార్థము నుండి వెలువడు బీటా కిరణములనగా వేగము గల ఎలక్ట్రానులే. వాటిని అయస్కాంతము నడుమకు పంపినచో వంగి నడచును. వేగము తక్కువ గలవి ఎక్కువ వంగును. వేగము ఎక్కువ గలవి తక్కువ వంగును. ఎచట ఎన్ని పడినవో లెక్కించిన వాటి శక్తి తెలియును. ఇందు అంతరాళావేశపు బాధ లేదు. రేడియోధార్మిక మూలము నుండి వచ్చు ఎలక్ట్రానులు మిక్కిలి కొద్ది. ఒకదాని నొకటి నెట్టుకొనుటకు దగ్గర తోడే యుండదు. అదియు గాక, వేగముగా పోవు ఆవేశములకు ప్రకృతియే ఒక ఉపశమనము కల్పించినది. ఒకే దిక్కున నడచు ఆవేశములు విద్యుత్తుచేత ఒండొంటిని వికర్షించినను, విద్యుత్ ప్రవాహములై అయస్కాంత శక్తిచేత ఒండొంటిని ఆకర్షించును. ఈ ఆకర్షణము వేగము యొక్క వర్గముతో పెరుగును. పది లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తి గల ఎలక్ట్రానులలో వికర్షణమున పదింట సుమారు తొమ్మిది పాళ్ళు ఈ ఆకర్షణమే తీర్చివేయును. కాని బరువై మందముగా నడచు అయానులకు ఆ భాగ్యము లేదు.

బీటా కిరణములకు శత్రువు తమలోని తోపులాట కాదు, త్రోవలోని గాలి. గాలి అణువును ఢీకొన్న ఎలక్ట్రాను త్రోవ తప్పును, వేగము కోల్పోవును. కావున వర్ణపటము నిజము చెప్పవలెనన్న యంత్రము కడుపులో శూన్యము ఉండవలెను. ఎక్స్-కిరణముల పనిలోను అంతే. తరువాత చేసిన అయానుల పనిలోను అంతే. స్వామివారి ముప్పది యేండ్ల శాస్త్రజీవితమును ఒకే దారముతో కూర్చవలెనన్న ఆ దారము శూన్యమే. అంతరంగమున వృత్తులను శూన్యము చేయుట యోగమని నేర్చినవారు, బాహ్యమున పాత్రలోని వాయువును శూన్యము చేయుటలో నిపుణులైరి. ఈ పోలికను స్వామివారు స్వయముగా చేసిరని మేము చెప్పము. చూచువారికి తోచక మానదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున వారు అమెరికాకు చేరి మిచిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధకులైరి. అచటి పని మాస్ స్పెక్ట్రోమీటరుతో. ఒకే మూలకపు పరమాణువులలో బరువు భేదము గలవి ఉండును, వాటిని ఐసోటోపులందురు. ఆ పరమాణువుల నుండి ఒక్కొక్క ఎలక్ట్రానును ఊడబెఱికి, అయానులుగా చేసి, విద్యుత్తుచే తరిమి, అయస్కాంతము నడుమకు పంపినచో తేలికవి ఎక్కువగాను బరువైనవి తక్కువగాను వంగి వేఱువేఱు స్థానములలో పడును. తూనికకు అందని వస్తువులను తూచు తక్కెడ ఇది. ఇందు పుంజము బలహీనముగా నున్నంతవరకు తక్కెడ సత్యము పలుకును. ఎక్కువ అయానులను ఒక్కసారిగా పంపబోయిన, అవి తమలో తాము నెట్టుకొని పుంజము ఉబ్బును; రెండు బరువుల స్థానములు ఒకదానిలో నొకటి కలసిపోవును. తక్కెడ కల్లలాడుట మొదలిడును.

ఆ యుద్ధకాలమునందే ఈ వ్యాధి ప్రపంచ చరిత్రను శాసింపగల ప్రశ్న యైనది. స్వామివారికి ఆ రహస్య కార్యముతో సంబంధమున్నదని చెప్పుటకు ఆధారము లేదు; కాని వారి విద్య యెంత అవసరమో తెలియుటకు ఆ కథ చెప్పవలెను. యురేనియములో 235 బరువు గల భాగమును వేఱు చేయవలెనని అమెరికావారు తలపెట్టినపుడు, మాస్ స్పెక్ట్రోమీటరునే బ్రహ్మాండముగా పెంచి వాడవచ్చునా యని ఆలోచించిరి. పలువురు సాధ్యము కాదనిరి. అంతరాళావేశము పుంజమును చెదరగొట్టునని వారి లెక్క. ఆ లెక్క తప్పు కాదు. కాని అది సంపూర్ణ శూన్యమునకు వర్తించు లెక్క. బర్కిలీలో ఎర్నెస్ట్ లారెన్స్ 1941 డిసెంబరులో తన 37 అంగుళముల సైక్లోట్రాను అయస్కాంతమును మార్చి పరీక్షింపగా, పుంజము అనుకొన్నంత చెదరలేదు. పాత్రలో మిగిలియున్న కొద్దిపాటి వాయువును పుంజమే ఢీకొని ఎలక్ట్రానులను విడగొట్టుచుండెను. ఆ ఎలక్ట్రానులు ధనావేశము గల పుంజములోనికి ఆకర్షింపబడి అచటనే నిలిచి, దాని ఆవేశమును చాలవరకు తటస్థము చేయుచుండెను. శత్రువనుకొన్న వాయువే చెలికాడైనది. ఆ ధైర్యముతోనే ఓక్ రిడ్జి యంత్రములు లేచినవి. రాగి కొఱతగా నున్నందున వాటి అయస్కాంతముల చుట్టలకు ప్రభుత్వ ఖజానా నుండి 14,000 టన్నులకు పైబడిన వెండిని అరువు తెచ్చిరి.

ఇక్కడ శూన్యవిద్య యొక్క సున్నితము తెలియుచున్నది. వాయువు ఎక్కువైన పుంజము ఢీకొని చెదరును. అయాను త్రోవలో ఎలక్ట్రానును పట్టుకొని తన ఆవేశమునే కోల్పోయి దారి తప్పును. వాయువు మఱీ తక్కువైన తటస్థము చేయువారు లేక పుంజము ఉబ్బిపోవును. కావున శూన్యము ఎంత యను ప్రశ్నకు ఇంత యని కొలిచి చెప్పగలవాడు కావలెను. స్వామివారు ఆ విద్యపైననే ఒక గ్రంథము వ్రాసిరి. దాని పేరు హై వాక్యువా. శూన్యము యొక్క సూత్రములు, దానిని కలిగించు విధానములు, కొలుచు సాధనములు అందలి విషయములు. 1947వ సంవత్సరమున న్యూయార్కునందు వాన్ నాస్ట్రాండ్ సంస్థవారు దానిని ప్రకటించిరి. ఇరువది యేండ్లకు పూర్వము సంస్కృత సూత్రముల ముద్రణకై సముద్రము దాటిన మనిషి, ఆంగ్లమున పంపులను గూర్చియు, ఒత్తిడి కొలుచు గేజీలను గూర్చియు గ్రంథకర్త యయ్యెను.

శూన్యమన్నను ఏమియు లేనిదని అర్థము కాదు. మనము పీల్చు గాలి ఒత్తిడి 760 మిల్లీమీటరుల పాదరసము. ఇందు ఒక అణువు మఱొక దానిని ఢీకొనకుండ పోగల సగటు దూరము సెంటీమీటరులో లక్షవ వంతు కన్నను తక్కువ. మంచి పంపులతో ఒత్తిడిని మిల్లీమీటరులో పది లక్షల వంతునకు దించినచో ఆ దూరము సుమారు 50 మీటరులగును. అప్పుడు అయాను యంత్రము ఈ చివర నుండి ఆ చివరకు నిరాటంకముగా పోగలదు. అయినను ఆ శూన్యమున ప్రతి ఘన సెంటీమీటరులోను ఇంకను సుమారు 3,500 కోట్ల అణువులు ఉండనే యుండును! గోడలకు అంటుకొన్న తేమ దినముల తరబడి ఊరుచుండును. కంటికానని సందు నుండి గాలి చొరబడుచుండును. ఈ పనిలో నెగ్గుటకు మేధతోపాటు ఓర్పు కావలెను. ఆ ఓర్పును స్వామివారు ముందే సంపాదించుకొని యుండిరి. మన భిలాయిలో రైలు పట్టాలకు పోయు ఉక్కును శూన్యపాత్రతో శుద్ధిచేసి అందలి ఉదజనిని తీసివేయు పని యెఱిగిన పాఠకులకు శూన్యము పట్టుట యెట్టి శ్రమయో వేఱుగా చెప్పనక్కఱలేదు. అయాను యంత్రమునకు కావలసిన శూన్యము దానికన్న ఎన్నో వేల రెట్లు నిర్మలమైనది.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. ప్రోటానులనగా ఉదజని కేంద్రకములు. వాటిని 50,000 వోల్టులతో తరిమి, 30 మిల్లీ ఆంపియరుల పుంజముగా పంపితిమనుకొందము. ఇంటిలోని చిన్న దీపమున పాఱు విద్యుత్తు కన్న ఇది గొప్పది కాదు. వాటి వేగము సెకనుకు సుమారు 3,100 కిలోమీటరులు. అంత వేగమునను పుంజములోని ప్రతి సెంటీమీటరు పొడవునందు సుమారు 60 కోట్ల ప్రోటానులుండును. పుంజము నడిమికిని అంచునకును 87 వోల్టుల భేదము దానంతట అదియే ఏర్పడును. ఈ వేగమున అయస్కాంతాకర్షణము వికర్షణమున పదివేలవ వంతు మాత్రమే, అది లేనట్లే. పుంజము వ్యాసార్ధము 5 మిల్లీమీటరులై, తిన్నగా బయలుదేరి, తటస్థము చేయువారెవరును లేకున్నచో, 18 సెంటీమీటరులు పోవునప్పటికే వ్యాసార్ధము రెట్టింపగును. జానెడు దూరము కూడ కాదు. మీటరుల పొడవు గల యంత్రమున ఇట్టి పుంజమును నడపుట యెట్లో ఊహించుకొనుడు.

ఇది సులభపు లెక్క. పుంజమంతయు సమముగా నిండియున్నదని వేసినది. నిజముగా ప్రతి అయాను గతియు తక్కిన అయానులన్నింటి స్థానములపై ఆధారపడును. వాటి స్థానములు మరల దీని గతిపై ఆధారపడును. 60 కోట్ల కణములలో జంటల సంఖ్య ఒకటి ప్రక్కన పదునేడు సున్నలను మించును. జంట జంటకు లెక్కవేయు పని మానవునికి సాధ్యము కాదు.

యుద్ధము ముగిసి, స్వరాజ్యము వచ్చు వేళకు స్వామివారు స్వదేశమునకు మరలిరి. ఢిల్లీయందు క్రొత్తగా రూపొందుచుండిన జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నతోద్యోగిగా కొన్నియేండ్లు పనిచేసిరి. ఆ సంస్థకు అధిపతి కె. ఎస్. కృష్ణన్, భవనము 1950 జనవరిలో ప్రారంభమైనది. రాజధానిలో, ప్రభుత్వ సంస్థలో, ఎదుగుటకు అనువైన స్థానము అది. కేంద్రోద్యోగులమైన మనకు అట్టి స్థానము విలువ బాగుగ తెలియును. దానిని వదలి స్వామివారు 1954వ సంవత్సరమున వాల్తేరునకు వచ్చిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు అప్పటి ఉపాధ్యక్షులు వి. ఎస్. కృష్ణగారు, కేంద్రక భౌతిక శాస్త్రమునకు ప్రయోగశాల నెలకొల్పవలెనన్న సంకల్పము నెఱవేర్చుటకు స్వామివారు పూనుకొనిరి. వయసు ఏబది యేడు. ఉద్యోగులు విశ్రాంతి వేతనపు లెక్కలు వేసికొను వయసున ఆయన ఖాళీ గదులలో పంపులు బిగింపజేయుటకు దిగిరి.

ఆ నాటి వాల్తేరును నేటి విశాఖపట్టణముతో పోల్చరాదు. కిరణములను లెక్కించు సాధనములు కొనుటకు విదేశ ద్రవ్యము కావలెను. పరికరము చెడిన బాగుచేయువాడు దొరకడు. కాబట్టి పనిముట్లు తయారుచేయుట, గాజు ఊదుట, విద్యుత్ వలయములు కూర్చుట ఆ తరము శాస్త్రవిద్యార్థుల చదువులో భాగములే. ప్రేగులో, లివర్‌పూలులో, మిచిగనులో చేతులతో నేర్చిన పని స్వామివారికి ఇక్కడ అక్కఱకు వచ్చెను. భౌతిక శాస్త్రశాఖ నీడలో మొదలైన పని ప్రత్యేకమైన కేంద్రక భౌతిక శాస్త్రశాఖగా ఎదిగెను. 1965 వరకు స్వామివారే దానికి అధిపతి. దేశమున విశ్వవిద్యాలయములలో అట్టి శాఖలు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంత కొద్దిగా నున్న కాలమది. గోదావరి, కృష్ణా తీరముల నుండియు, శ్రీకాకుళము నుండియు వచ్చిన తెలుగు పిల్లలకు బీటా, గామా కిరణములు పుస్తకములోని బొమ్మలుగా గాక చేతి క్రింది పనిగా మారినవి. ఇది ఏదో ఒక గొప్ప సూత్రమును కనుగొనుట వంటిది కాదు. పత్రికలలో పెద్ద అక్షరములతో పడునది కాదు. కాని సూత్రములు కనుగొన్నవారు పోయిన తరువాతను నిలుచునది.

స్వామివారు వాల్తేరులో శాఖను పెంచుచున్న ఆ సంవత్సరములలోనే అంతరాళావేశపు ముడిని విప్పు పని వేఱొక చోట ముందుకు సాగెను. మన భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిన 1959వ సంవత్సరముననే, సోవియట్ శాస్త్రజ్ఞులు కాప్‌చిన్స్కీ, వ్లదీమిర్స్కీ అనువారు పుంజములోని కణములను ఒక ప్రత్యేక రీతిలో పంచినచో లోపలి వికర్షణము నడిమి నుండి అంచునకు దూరమును బట్టి సమముగా పెరుగునని చూపిరి. అప్పుడు కోట్ల కణముల లెక్క పుంజపు అంచునకు సంబంధించిన రెండు సమీకరణములలో ఇమిడిపోవును. అట్టి పంపకము ప్రకృతిలో దొరకదు. అయినను పుంజము యొక్క సగటు ప్రవర్తనమును అది చక్కగా చెప్పును. తరువాత కంప్యూటరులు వచ్చినవి. కోట్ల అయానులకు బదులు కొన్ని లక్షల ప్రతినిధి కణములను తీసికొని, స్థలమును చిన్న గడులుగా విభజించి, ఏ గడిలో ఎంత ఆవేశమున్నదో చూచి, దాని వలన కలుగు బలమును గట్టి, ఆ బలముతో కణములను ఒక అడుగు ముందుకు నడపి, మరల క్రొత్త స్థానములతో ఆవేశమును లెక్కింతురు. మన జనాభా లెక్కలలో ఇంటింటి మనిషిని గాక వార్డును బట్టి రేషను దుకాణము ఏర్పాటు చేయుట వంటిది.

ఇంత లెక్క దేనికన్న, పుంజము అంచున చెదరి తిరుగు కొద్దిపాటి కణముల కొఱకు. అవి గొట్టపు గోడను తాకినచో లోహము రేడియోధార్మికమగును. మనుష్యుడు దగ్గరకు పోయి మరమ్మతు చేయ వీలుండదు. గొప్ప యంత్రములలో ఈ నష్టము మీటరుకు 1 వాటును మించరాదని నియమము పెట్టుకొనిరి. కాప్‌చిన్స్కీయే టెప్ల్యకోవ్ అను మఱొకనితో కలసి 1970 ప్రాంతమున, అయానులు మందముగా నున్నపుడే వాటిని విద్యుత్ క్షేత్రముతో బిగించి పట్టుచు వేగము పెంచు యంత్రమును ప్రతిపాదించెను. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రమువారు రూపొందించిన ప్రోటాను త్వరణ యంత్రమునందు మొదటి మెట్టు అదియే. మనము పైన లెక్కవేసిన 50,000 వోల్టుల, 30 మిల్లీ ఆంపియరుల పుంజము ఊహ గాదు. ఆ యంత్రపు ప్రణాళికలోని అంకెలే. దానిని 2 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తికి తెచ్చుట వారు పెట్టుకొనిన లక్ష్యము.

స్వామివారు అంతరాళావేశముపై సిద్ధాంతము కట్టిరని ఎవరును అనుకొనవలదు. వారి కిరణములు సన్ననివి. వారి యంత్రములు ఒక గదిలో నిలుచునవి. పుంజమును శుద్ధమైన త్రోవలో నడపుట, ఎచట పడినదో నమ్మకముగా చదువుట, ఆ రెండింటికి ఆధారమైన శూన్యమును కలిగించుట వారి విద్య. ఆ విద్య లేనిచో తీవ్ర పుంజముల గణితమెంత సొగసుగా నున్నను కాగితము దిగదు. మన దేశమున ఈ రెండు విద్యలు కలసికొనుటకు కొంత కాలము పట్టినది. కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రానున తొలి పుంజము తిరిగినది 1977లో. స్వామివారు 1969వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీననే దేహము చాలించి యుండిరి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు తమ కేంద్రక పరిశోధన శాలలకు స్వామి జ్ఞానానంద పేరు పెట్టిరి. వేసవి సెలవులకు రాయపురము మీదుగా విశాఖపట్టణమునకు రైలున పోవు మన భిలాయి కుటుంబములు సింహాచలము, సముద్రతీరము చూచి వత్తురు. విశ్వవిద్యాలయము దారిలోనే యున్నది.